ఒక్క సీసాలో పెరిగినది

మా అక్క చేతులు కడుక్కోవడం చూడాలంటే ఓపిక కావాలి. ముందు వేళ్ళ సందులు, తర్వాత బొటనవేలి చుట్టూ, ఆఖరికి గోళ్ళ కొనలు అరచేతిలో రుద్దుకుని, కుళాయిని మోచేత్తో కట్టేస్తుంది. మా ఇంటి కుళాయి మోచేతికి లొంగే రకం కాదు. అందుకని మా ఇంటికొస్తే నన్ను పిలిచి కట్టించుకుంటుంది. ఆసుపత్రి లాబ్‌లో ఆవిడకి చాటుగా సబ్బు మేడం అని పేరు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. "సబ్బన్నారు, నయమే. చీపురనలేదు" అంటుంది.

మా ఇద్దరిదీ ఒకటే డిగ్రీ. ఆవిడ గీతలు గీసి వదిలేసిన పుస్తకాల్లోనే నేనూ సూక్ష్మజీవుల గురించి చదువుకున్నాను. ఆవిడ ఆ చదువుతో లాబ్‌కి వెళ్ళింది, నేను వంటింటికి వచ్చాను. చదువు ఎక్కడికీ పోలేదు. గోడ మీద బూజు పడితే దాని పూర్తి పేరు ఇప్పటికీ గుర్తొస్తుంది. చెప్పుకోవడానికి ఎదురుగా మనుషులు ఉండరు, అంతే.

బావకి కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు ఉండేది. ఆయన గోళ్ళ కింద మిషను నూనె నల్లగా ఎప్పుడూ ఉండేది. సబ్బు మేడానికి అలాంటి మొగుడు దొరకడం మా ఇళ్ళలో పాత హాస్యం. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం ఆయన గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసింది. తొమ్మిదేళ్ళ కిందట దాన్ని తీసేసి లోహపు కవాటం కుట్టారు. అప్పటినుంచి నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఆయన పక్కన కూర్చుంటే టిక్కుటిక్కుమని వినిపించేది. కొట్టుకొచ్చినవాళ్ళు గడియారం కోసం గోడలు వెతికేవాళ్ళు. "వెతక్కండి, అది టైము చెప్పదు. మనిషున్నాడని మాత్రం చెబుతుంది" అనేవాడు.

ఆ ఏడాది వానలు మొదలైన రోజుల్లో బావకి జ్వరం పట్టుకుంది. పెద్ద జ్వరం కాదు. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడేది, పొద్దున్నకి చెమటపట్టి తగ్గేది. రెండు వారాలైనా వదల్లేదు. రక్తంలో సూక్ష్మజీవులేమైనా పెరుగుతాయేమో చూసే కల్చర్ పరీక్ష చెయ్యాలంది అక్క. గుండెలో పరాయి వస్తువు ఉన్న మనిషికి జ్వరం వస్తే మొదట చెయ్యాల్సిన పని అదే. బావేమో ఆసుపత్రికి రానన్నాడు.

"అది నీ ఆఫీసు. నేనెప్పుడైనా నిన్ను కొట్టులో కూర్చోబెట్టానా?" అన్నాడు.

అందుకని ఒక ఆదివారం పొద్దున్న అక్కే రెండు కల్చర్ సీసాలు ఇంటికి తెచ్చింది. గాలి కావలసిన సూక్ష్మజీవుల కోసం ఒకటి, గాలి గిట్టని వాటి కోసం ఒకటి. చేతికి రబ్బరు పట్టీ కట్టడానికి నన్ను రమ్మంది. వాళ్ళత్తగారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. సూది అంటే ఆవిడకి భయం, అయినా కోడలు పొడిస్తే మాత్రం చూసేది. "దాని చెయ్యి పడితే నొప్పే తెలీదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది.

"మరదలా, చూశావా, సెలవు రోజున కూడా మీ అక్కకి నా నెత్తురే కావాలి" అన్నాడు బావ.

"కదలకండి."

"కదల్లేదు. మాట్లాడుతున్నాను."

"మీకు నోరు కదిలితే చెయ్యీ కదులుతుంది."

అక్క చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచింది, మందుతో తుడిచింది, ఆరేదాకా ఆగింది. బావవి సూదులకి విసిగిపోయిన నరాలు. ఆరేలోపల నరం ఎక్కడుందో కనిపించకుండా పోయింది. అప్పుడు అక్క తుడిచిన చోటే చూపుడువేలితో ఒక్కసారి నొక్కి చూసి, నరం దొరకగానే సూది దించింది.

చర్మం తుడిచాక మళ్ళీ వేలు పెట్టకూడదు. వేలి మీద ఉన్నవి సూదితో పాటు సీసాలోకి పోతాయి. అక్క ఇరవై రెండేళ్ళుగా లాబ్‌లో అందరికీ నేర్పుతున్న మొదటి పాఠం అది.

"అక్కా, వేలు పెట్టావు. ఇంకెవరైనా పెడితే చేతి మీద కొట్టేదానివి" అన్నాను నవ్వుతూ.

ఆవిడ ఒక సీసా నింపి రెండోది అందుకుంది.

"పెట్టుకోనీ. మొగుడి చెయ్యేగా, పరాయివాడిదా" అన్నాడు బావ.

రెండో చేతినుంచి కూడా ఇంకో రెండు సీసాలు తియ్యాలి. అలా తీస్తేనే, పెరిగినది రక్తంలోదా, చర్మం మీదిదా అని తేల్చుకోవచ్చు. "ఒక చెయ్యి నీకిచ్చాను, రెండోది కొట్టుకి కావాలి" అంటూ బావ లేచిపోయాడు. వీధి గుమ్మంలో ఎవరో మిషను పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. అక్క పోనిచ్చింది.

మూడో రోజు ఒక సీసాలో ఏదో పెరిగింది. రెండోదాంట్లో ఏమీ లేదు. ఆ రోజు లాబ్‌లో జరిగినదంతా అక్క తర్వాత నాకు చెప్పింది, అదే రాస్తున్నాను. సీసాలోంచి ఒక చుక్క తీసి స్లైడు మీద రంగు వేసి చూస్తే, ఊదారంగు గుండ్రాలు గుత్తులుగుత్తులుగా కనిపించాయి. ఇంకో చుక్కని సూక్ష్మజీవుల్ని పెంచే ప్లేటు మీద పూస్తే, మర్నాటికి చిన్న తెల్లటి చుక్కలు లేచాయి. పరీక్షలు చేస్తే, అందరి చర్మం మీదా ఏ హానీ చెయ్యకుండా బతికే మామూలు రకమని తేలింది. రెండు సీసాల్లో ఒక్కదాంట్లోనే, అదీ మూడో రోజున, అదీ ఆ రకం పెరిగితే లాబ్‌లో ఒకటే మాట అంటారు: తీసినవాళ్ళ చెయ్యి శుభ్రంగా లేదు.

ఆ లాబ్ గోడ మీద ఒక కాగితం ఉంటుంది. ఆ నెలలో ఎవరు తీసిన సీసాలు చర్మం మీది చెత్తతో పాడయ్యాయో వాళ్ళ పేర్లు, తేదీలతో. ఆ ఆచారం పెట్టింది అక్కే, రాసేదీ అక్కే. నర్సులు, కొత్త డాక్టర్లు ఆ గోడ పక్కనుంచి వెళ్ళేటప్పుడు తల తిప్పుకునేవాళ్ళట. ఇరవై రెండేళ్ళలో ఆ కాగితంలో అక్క పేరు ఒక్కసారీ లేదు.

ప్లేటు చేతిలో పట్టుకుని అక్క తన వేలిని తలుచుకుంది. నేనన్న మాటనీ తలుచుకుంది. "ఇది నా వేలే" అనుకుంది. లాబ్ చూసే పెద్ద డాక్టరమ్మకి చూపిస్తే మళ్ళీ తియ్యమనేవారు, కాగితంలో పేరు ఎక్కేది. అక్క ప్లేటుని పారేసే డబ్బాలో వేసి, రిపోర్టులో ఏమీ పెరగలేదని రాసింది.

ఇంట్లోనూ అదే చెప్పింది. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. వీధి చివరి డాక్టరు కొంచెం ఘాటైన మాత్రలు రాశాడు, జ్వరం తగ్గిపోయింది. బావ కొట్టు తెరిచాడు. కల్చర్ మళ్ళీ చేద్దామని అక్క ఒకటి రెండుసార్లు అంది గాని, తగ్గిన జ్వరానికి పరీక్షలేమిటని ఆయన నవ్వేశాడు. ఆవిడా గట్టిగా పట్టుపట్టలేదు.

నాలుగు వారాలకి జ్వరం తిరిగొచ్చింది. ఈసారి దానితో ఆయాసం కూడా. గుమ్మంలో మూడు మెట్లు ఎక్కడానికి రెండుసార్లు ఆగేవాడు.

మా అమ్మాయి అప్పుడు డిగ్రీ మొదటి ఏడు. తల్లీ పెద్దమ్మా చదివిన చదువే అదీ తీసుకుంది. వాగుడు ఎక్కువని దాన్ని బావ పిచ్చుక అని పిలిచేవాడు. పరీక్షకి ముందు ఒక శనివారం మధ్యాహ్నం దాన్ని తీసుకుని అక్క ఇంటికి వెళ్ళాను. హాల్లో భోజనాల బల్ల మీద పుస్తకాలు పరిచారు. లోపలి గదిలో బావ పడుకున్నాడు, తలుపు తెరిచే ఉంది.

"రంగు వేసే పద్ధతి చెప్పు" అంది అక్క.

"ముందు ఊదారంగు. తర్వాత అయోడిన్. తర్వాత స్పిరిట్‌తో కడగాలి. తర్వాత గులాబీరంగు."

"స్పిరిట్ పోస్తే కొన్నిట్లోంచి ఊదా పోతుంది, కొన్నిట్లో ఉండిపోతుంది. ఎందుకు?"

"గోడ మందం వల్ల."

"మందం వల్లంటే మార్కులు రావు. గోడ మందంగా ఉన్నదాంట్లో రంగు బిగిసిపోతుంది. బొంత తడిస్తే ఒక పట్టాన ఆరుతుందా? పలచటి తువ్వాలు ఆరినట్టు ఆరదు కదా. అలాగ. సరే, గాలి లేనప్పుడు బాక్టీరియా చక్కెరని ఏం చేస్తుంది?"

"సగం కాల్చి, ఆమ్లం చేసి వదిలేస్తుంది."

"గాలి ఉంటే?"

"పూర్తిగా కాల్చుకుని బోలెడు శక్తి తీసుకుంటుంది."

"పిచ్చుకా" అని లోపల్నుంచి బావ గొంతు వినిపించింది. "మీ పెదనాన్న కూడా ఇప్పుడు సగమే కాలుతున్నాడని రాసుకో. ఉదాహరణకి పనికొస్తుంది." ఆ రెండు వాక్యాల మధ్య ఊపిరి కోసం ఆగాడు.

పిచ్చుక నవ్వి, పేజీ తిప్పింది. కణం గోడకి బయట ఉండే జిగురు పొర గురించి పాఠం అది. పైకి చదవమంది అక్క. అది గబగబా చదివింది. కొన్ని బాక్టీరియా జిగురు కట్టి నునుపైన వాటికి అంటుకుంటాయి, చర్మం మీద హాని చెయ్యని రకాలు కూడా శరీరంలో అమర్చిన గొట్టాల మీద, కృత్రిమ కవాటాల మీద చేరి జిగురు పొర కట్టగలవు, ఆ పొర లోపలికి మందు పోదు.

"అంటే మన సింకు గొట్టంలో జిగురు లాంటిదే. వేడినీళ్ళు పోస్తే పోదు, విప్పి గీకాలి" అన్నాను. నాకు తెలిసిన సంగతి వచ్చిందన్న సంబరం నాది.

పిచ్చుక తలెత్తింది. "పెద్దమ్మా, కృత్రిమ కవాటం అంటే పెదనాన్నకి ఉన్నదేనా?"

అక్కకి ఇది కొత్త విషయం కాదు. ఆ పేజీ పక్కన ఉన్న గీత ఆవిడే గీసింది, తన చదువు రోజుల్లో. అది ఆవిడ పుస్తకమే. కానీ అక్క చాలాసేపు ఆ గీత వైపు చూసి, పెన్సిలు కింద పెట్టి, లేచి లోపలికి వెళ్ళింది.

"చేతులు చూపించండి" అంది.

"ఏం, జాతకం చెప్తావా?"

అక్క ఆయన వేళ్ళు కిటికీ వెలుగులోకి పట్టుకుంది. గోళ్ళ కింద ఎప్పటి నలుపే. నన్ను పిలిచి గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు, సబ్బు, పాత పళ్ళ బ్రష్షు తెమ్మంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు కడుక్కోమన్నా వినని ఆ గోళ్ళని తనే ఒక్కొక్కటీ రుద్దింది. బావ చిన్నపిల్లాడిలా చేతులిచ్చి కూర్చున్నాడు. నూనె నలుపు నీళ్ళలోకి దిగిపోయింది. మూడు గోళ్ళ కింద మాత్రం సన్నటి నల్లెరుపు గీతలు, పుల్లముక్కలు గుచ్చుకున్నట్టు, అలాగే ఉండిపోయాయి. అవి గుండెలోంచి కొట్టుకొచ్చిన ముక్కలు చిన్న నరాల్లో ఇరుక్కుంటే వచ్చే గీతలు. ఎన్నాళ్ళనుంచి ఉన్నాయో. నూనె కింద ఎవరికీ కనబడలేదు.

అక్క గిన్నె పక్కన పెట్టి, "బట్టలు సర్దవే. ఇప్పుడే వెళ్ళాలి" అంది నాతో.

ఆసుపత్రిలో బావ రక్తం అక్క తియ్యనంది. ఆవిడ దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి తీసింది, మూడు చోట్లనుంచి ఆరు సీసాల్లోకి. మర్నాడు మధ్యాహ్నానికి ఆరింటిలోనూ పెరిగింది. అవే ఊదారంగు గుత్తులు. గుండె స్కానులో కవాటం అంచున ఒక చిన్న జిగురు తోక ఊగుతోంది. కవాటాన్ని కుట్టిన చోట చుట్టూ కండ మెత్తబడిపోయింది.

"మందొక్కటే చాలదు, తీసి కొత్తది వెయ్యాలి. ఒక్క నెల ముందు వచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు" అన్నాడు గుండె డాక్టరు. ఏమీ తెలియక అన్నమాటే. అక్క తలూపింది.

ఆపరేషనుకి ముందురోజు నేను కాఫీ ఫ్లాస్కు పట్టుకుని వార్డుకి వెళ్ళేసరికి అక్క మంచం పక్కన స్టూలు మీద ఉంది. నన్ను చూసి కూడా మాట ఆపలేదు.

"అప్పుడే పెరిగిందండీ. ఇంట్లో తీసినప్పుడే. నేను ఎవరికీ చూపించకుండా పారేశాను."

"ఎందుకు?"

"నా వేలిదనుకున్నాను."

బావ కాసేపు పైకప్పు చూశాడు. "నా జబ్బుని నీ తప్పనుకున్నావా?" అన్నాడు.

అక్క ఆయన దుప్పటి అంచు సర్దింది.

"దారం తెగిందని మిషను తెచ్చినవాళ్ళు అందరూ దారాన్నే తిడతారు. నువ్వొక్కదానివే నాకు ఎదురుపడ్డావు, నీ చేతిలో సూదిని తిట్టుకునేదానివి." ఊపిరి తీసుకున్నాడు. "అమ్మకి మాత్రం చెప్పకు. నీ చెయ్యంటే ఆవిడకి గొప్ప." తర్వాత నావైపు తిరిగి, "మరదలా, ఆ ఫ్లాస్కు చూపించడానికి తెచ్చావా, పోస్తావా?" అన్నాడు.

ఆపరేషను పది గంటలు పట్టింది. మెత్తబడిన కండకి కొత్త కవాటం కుట్టు నిలవలేదు, మళ్ళీ కుట్టారు. ఆయనకి తెలివి రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం, సందర్శకులు లోపలికి వెళ్ళే వేళకి కొంచెం ముందు, పోయాడు.

పదిహేను రోజుల తర్వాత అక్క పనిలోకి వెళ్ళింది. మొదటిరోజే పెద్ద డాక్టరమ్మ గదికి వెళ్ళి, పారేసిన ప్లేటు సంగతి, రాసిన రిపోర్టు సంగతి అన్నీ చెప్పింది. గోడ మీది కాగితంలో తన పేరు రాస్తానంది.

"తప్పుడు రిపోర్టుకి నేను పైకి రాయాలి, రాస్తాను" అన్నారట ఆవిడ. "కానీ ఆ కాగితంలో నీ పేరు ఎలా రాస్తావమ్మా? అది చేతులు శుభ్రంగా లేనివాళ్ళది. నీ సీసాలో పెరిగింది నిజమైనదే కదా."

ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి ఇది చెప్పింది అక్క. చెప్పి, "నా చెయ్యి శుభ్రంగానే ఉందే" అంది. ఆవిడ ఏడవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. ఆసుపత్రిలోనూ ఏడవలేదు, ఆ తర్వాతా ఏడవలేదు.

"ఆ రోజు నేను వేలు పెట్టావని అనకపోయి ఉంటే" అన్నాను. ఎన్నాళ్ళనుంచో గొంతులో ఉన్న మాట.

"నువ్వు అనకపోయినా, పెట్టింది నేనే కదా, నాకు తెలీదా" అంది. అది ఓదార్పుగా అందో, నిజమే అందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

పలకరించడానికి ఇంకా మనుషులు వస్తూనే ఉన్నారు. అత్తగారు వచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా ఒకటే మాట. "నా కోడలు వాడికి ఏ లోటూ రానివ్వలేదు. ఆసుపత్రిలో అంత పెద్ద పని చేస్తూ, నా కొడుకుని కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంది. దాని చెయ్యి అలాంటిది." ఆ మాట వచ్చినప్పుడల్లా అక్క లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఒకరోజు వచ్చినవాళ్ళు వెళ్ళాక, నేను కప్పులు తీస్తుంటే, అక్క అత్తగారి ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆవిడ బావ చొక్కాలు మడతపెడుతోంది. అక్క మొత్తం చెప్పింది. సీసా దగ్గర్నుంచి పారేసిన ప్లేటు దాకా ఏమీ దాచకుండా, ఆవిడకి అర్థమయ్యే మాటల్లో, ఒక్క మాటా తనవైపు వంచకుండా.

అత్తగారు వింటూనే చొక్కా గుండీలు కిందినుంచి పైదాకా పెట్టింది.

"అప్పుడే చెప్పి ఉంటే బతికేవాడా?"

"కచ్చితంగా చెప్పలేనత్తయ్యా. బతికే వీలు ఎక్కువుండేది."

"వాడికి తెలుసా?"

"తెలుసు. చెప్పాను."

"ఏమన్నాడు?"

"మీకు చెప్పొద్దన్నారు."

ఆవిడ చొక్కాని రెండు మడతలు వేసి, మిగతావాటి మీద పెట్టి, అరచేత్తో సాపు చేసింది.

"వాడి మాట వినాల్సింది, అమ్మాయ్" అంది.

అంతకుమించి ఒక్క మాట అనలేదు. అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. పెడితే అక్క కొంచెం తేలికపడేదేమో. వారం తర్వాత కొన్నాళ్ళు కూతురి దగ్గర ఉండొస్తానని బయల్దేరింది. పెట్టె అక్కే సర్దింది, మందులు పొద్దుటివి ఒక సంచిలో, సాయంత్రానివి ఒక సంచిలో. బస్సు కదిలేటప్పుడు ఆవిడ కిటికీలోంచి నాకు చెయ్యూపింది. అక్క వైపు చూసింది గాని, చెయ్యి మాత్రం ఒళ్ళో పెట్టుకుంది.

ఇది జరిగి ఏడు నెలలైంది. ఆవిడ తిరిగి రాలేదు. ఒంటరిగా ఎందుకని ఆదివారాలు అక్కని మా ఇంట్లోనే భోజనానికి ఉంచుతున్నాను. ప్రతి ఆదివారం ఆ వేళకే అత్తగారు నాకు ఫోను చేస్తుంది.

"తింటోందా?" అంటుంది. ఎవరని పేరు చెప్పదు.

"తింటోందండీ."

"నిద్ర?"

"పోతోందండీ."

రెండూ అబద్ధాలే. మొన్న ఆదివారం ఉండబట్టలేక, "ఇక్కడే ఉందండీ, ఫోనివ్వనా?" అన్నాను.

"వద్దులేమ్మా. తింటోందేమో, మధ్యలో లేపడమెందుకు" అని పెట్టేసింది.

అక్క కంచం ముందు కూర్చునే ఉంది. వడ్డించి పావుగంటైంది, ముట్టుకోలేదు.

"ఏమందే?" అంది.

"తింటున్నావా అని."

అక్క కంచం దగ్గరికి లాక్కుని, చల్లారిపోయిన అన్నం కలుపుకోవడం మొదలుపెట్టింది.